రెండోసారి చెప్పిన మాట
(స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం అనగానే పోయినవారి గుణగణాలు చెబుతారని ఎదురుచూస్తాం. ఇవాళ మనం తలచుకుంటున్న మాస్టారికి అది గిట్టేది కాదు. క్లాసులో ఎవరైనా లేచి కథాసారాంశం మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేసేవారు. "ఏం జరిగిందో నాకూ తెలుసులేవోయ్, ఎక్కడ జరిగిందో చూపించు" అనేవారు. ఎక్కడ అంటే ఏ వాక్యం దగ్గర అని. ఈ పూట ఆ పద్ధతిలోనే రెండు కథలు మీ ముందు పెడతాను. రెండూ అమెరికావి. రెండింట్లోనూ పనిచేసి బతికే ఒక కుర్రాడు ఉన్నపళంగా ఒక పని చేస్తాడు. ఆ పనితో పెద్దవాడైపోయాడని విమర్శకులు అంటారు. నిజంగా అయ్యాడా, అయితే ఏ వాక్యం దగ్గర అయ్యాడు అన్నదే నా ప్రశ్న.

మొదటి కథ జాన్ అప్‌డైక్ రాసిన 'ఎ అండ్ పి'. 1961 జూలై 22 నాటి న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాది 'పిజన్ ఫెదర్స్' సంపుటిలో చేరింది. అమెరికాలో హైస్కూలు పిల్లలు దశాబ్దాలుగా పాఠంగా చదువుతున్న కథ, మన దగ్గర కూడా ఇంగ్లిష్ ఎం.ఎ. చదివినవాళ్లలో చాలామందికి తగిలే ఉంటుంది.

ఎ అండ్ పి అంటే ఒక కిరాణా గొలుసు సంస్థ. 1859లో న్యూయార్క్‌లో టీ అమ్ముతూ మొదలై, 1930 నాటికి 15 వేలకు పైగా దుకాణాలు పెట్టింది. కథ రాసేనాటికి ఆ పేరు తెలియని అమెరికన్ ఇల్లు లేదు. బోస్టన్‌కి ఉత్తరాన, సముద్రపు ఒడ్డుకు అయిదు మైళ్ల దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో ఆ గొలుసు దుకాణం ఒకటి. అందులో సామీ అనే కుర్రాడు క్యాష్ కౌంటర్ దగ్గర బిల్లులు కొడుతుంటాడు. ఏప్రిల్లోనే 19 నిండాయి. గురువారం మధ్యాహ్నం, షాపులో పెద్దగా జనం లేరు. ముగ్గురు అమ్మాయిలు ఈత దుస్తుల్లోనే, కాళ్లకు చెప్పుల్లేకుండా లోపలికి వస్తారు. వ్యాకరణం తప్పిన ఒక వాక్యంతో కథ మొదలవుతుంది. అక్కణ్నించి చివరిదాకా మాట్లాడేది సామీయే.

వాళ్లని చూస్తూ ఒక బిస్కెట్ల డబ్బాకి రెండుసార్లు బిల్లు కొట్టేస్తాడు. కొనడానికొచ్చిన యాభై ఏళ్లావిడ తప్పు పట్టుకుని కసురుకుంటుంది. అమ్మాయిల్లో నాయకురాలిలా ఉన్నదానికి వీడే 'క్వీనీ' అని పేరు పెట్టుకుంటాడు. షాపంతా తిరిగి ఆ పిల్లలు కొన్నది ఒక్కటే వస్తువు. పుల్లటి మీగడలో ఊరేసిన హెర్రింగ్ చేపముక్కల సీసా, 49 సెంట్లు. వాళ్లు కౌంటర్ దగ్గరకొచ్చేసరికి మేనేజర్ లెంగెల్ క్యాబేజీల లారీవాడితో బేరం ముగించుకుని వస్తాడు. ఆయన ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతాడు. ఇది బీచ్ కాదమ్మా అంటాడు, భుజాలు కప్పుకుని రావాలి, అది మా నియమం అంటాడు. క్వీనీ మొహం ఎర్రబడుతుంది. సామీ సీసాకి బిల్లు కొట్టి, చిల్లర చేతికిచ్చి, ఆ అమ్మాయిలకి వినబడాలని గబగబా అనేస్తాడు, నేను మానేస్తున్నాను అని.

వాళ్లు వినలేదు. విన్నా ఆగలేదు. తలుపు దానంతటదే తెరుచుకుంది, వెళ్లిపోయారు.

కథ తెలిసిన వాళ్లందరూ ఇక్కడే రెండు పక్షాలవుతారు. వీడు వీరుడని కొందరు, వెర్రివాడని కొందరు. పరీక్ష పేపర్లలో కూడా ఇదే ప్రశ్న. నాకు ఆ తగవు మీద ఆసక్తి లేదు. ఎందుకంటే కథ అక్కడ అయిపోలేదు. లెంగెల్ వెంటనే అడుగుతాడు, ఏదో అన్నావేంటి సామీ అని. ఆ ప్రశ్నని గమనించండి. పెద్దాయన వినలేదా? విన్నాడు, శుభ్రంగా విన్నాడు. కుర్రాడి తల్లిదండ్రులకి ఏళ్ల తరబడి స్నేహితుడు. తప్పించుకోవడానికి దారి చూపిస్తున్నాడు. ఏం లేదు సార్ అంటే చాలు, సాయంత్రానికి ఇద్దరూ మర్చిపోయేవారు.

సామీ రెండోసారి చెబుతాడు. మానేస్తున్నాను అన్నాను అని.

మొదటిసారి అన్న మాటకి శ్రోతలు ముగ్గురమ్మాయిలు. రెండోసారికి వాళ్లు లేరు. చప్పట్లు లేవు, వెనక్కి తిరిగి చూసే కళ్లు లేవు. ఉన్నవాడు ఒక్క లెంగెలే, ఆయనేమో మానుకో అంటున్నాడు. అదే మాట, కానీ మొదటిది నాటకం, రెండోది నిర్ణయం. నా దృష్టిలో కుర్రాడు పెద్దవాడైంది ఈ రెండు వాక్యాల నడుమ. ఆవేశంలో ఎవరైనా ఒక మాట అంటారు. ఆవేశానికి కారణమైనవాళ్లు వెళ్లిపోయాక అదే మాట మళ్లీ అనగలగడం వేరే సంగతి.

ఇంత దూరం రావడానికి వాడికి ఒక మలుపు అవసరమైంది. అది చాలామంది దాటేసి పోయే చోట ఉంది. ఈ కథ మీద ఇవాళ్టి విద్యార్థినులు చేసే ఆక్షేపణ న్యాయమైనదే. సామీ ఆ ఆడపిల్లల్ని చూసే చూపు ఏమాత్రం గౌరవంగా ఉండదు. ఒళ్లు వర్ణిస్తాడు. వాళ్లకి బుర్రలున్నాయా లేక సీసాలో తేనెటీగ రొదలాంటిదేమైనా ఉందా అని వెటకారమాడతాడు. కొనడానికొచ్చిన మిగతా ఆడవాళ్లని గొర్రెలంటాడు. అప్‌డైక్ సమర్థకులు ఇదంతా పాత్ర స్వభావం అని తోసేస్తారు, అంత తేలిగ్గా నేను తోసెయ్యను. అయితే ఒకచోట ఆ చూపు వాడికే ఎదురొస్తుంది. అమ్మాయిలు మాంసం కౌంటర్ దగ్గరికి వెళ్లి మెక్‌మాన్ అనే ముసలాయన్ని ఏదో అడుగుతారు. ఆయన ఎటు వెళ్లాలో చూపిస్తాడు. వాళ్లు వెనక్కి తిరగగానే మూతి తట్టుకుంటూ, మాంసం తూచేవాడి కళ్లతో వెనక నుంచి చూస్తాడు. అప్పుడు సామీకి మొదటిసారి పాపం అనిపిస్తుంది. ఇప్పటిదాకా తాను చూసిన చూపే అది, ఇంకొకడి మొహం మీద చూసేసరికి రోత పుట్టింది. వాడు ఈ మాట పైకి అనడు. అప్‌డైక్ కూడా వివరించడు. ఒకటిన్నర వాక్యంలో తేల్చి పేరా మార్చేస్తాడు. లెంగెల్ వచ్చి ఏదో అనకముందే సామీలో కొంత కదిలింది, అది కదలకపోతే రాజీనామా వట్టి కుర్రచేష్ట అయ్యేది.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. అమ్మ తెమ్మంది అని క్వీనీ ఆ సీసా గురించి ఒక ముక్క అనగానే, ఆ గొంతులోంచి సామీ ఆ పిల్ల ఇంటి హాల్లోకి జారిపోతాడు. అక్కడ మగవాళ్లు తెల్లటి కోట్లలో, ఆడవాళ్లు చెప్పుల్లో నిలబడి, పెద్ద గాజుపళ్లెంలోంచి చేపముక్కల్ని పుల్లలతో గుచ్చుకు తింటుంటారు. తమ ఇంటికి ఎవరైనా వస్తే నిమ్మరసం. మరీ గొప్ప సందర్భమైతే కార్టూన్ బొమ్మలున్న గ్లాసుల్లో చవక బీరు. రెండు ఇళ్ల మధ్య ఉన్న దూరాన్ని 49 సెంట్ల సీసా కొలిచేసింది. వర్గం గురించి ఒక్క పెద్ద మాట వాడకుండా ఇంత చెప్పిన పేరాలు ఎక్కువ చదవలేదు నేను.

ఆ రోజుల్లో షాపు ఉద్యోగుల పరిస్థితి ఏమిటో కూడా చెప్పాలి. 1961 మే నెలలో కెనెడీ కనీస వేతన చట్ట సవరణ మీద సంతకం పెట్టారు. పెద్ద రిటైల్ సంస్థల్లో పనిచేసేవాళ్లు ఆ సవరణతోనే సమాఖ్య చట్టం కిందికి వచ్చారు. సెప్టెంబరు నుంచి అమలు, గంటకి ఒక డాలరు. కథ అచ్చయింది జూలైలో. సామీ పక్క కౌంటర్లో ఉన్న స్టోక్సీకి 22 ఏళ్లు, పెళ్లై ఇద్దరు పిల్లలు. తనకీ వాడికీ అదొక్కటే తేడా అంటాడు సామీ. ఎప్పటికైనా మేనేజర్ అవ్వాలని స్టోక్సీ ఆశ. బహుశా 1990లో, అప్పటికి ఈ కంపెనీకి రష్యన్ పేరు వచ్చాక అని సామీ వెక్కిరింత. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల జోకు అది. నిజంగా 1990 వచ్చేసరికి ఎ అండ్ పి జర్మన్ యాజమాన్యం చేతుల్లో ఉంది, 2015లో దుకాణాలన్నీ మూసేసింది. స్టోక్సీలాంటి వాళ్లు ఏమయ్యారన్న కథ ఎవరూ రాయలేదు.

మళ్లీ కౌంటర్ దగ్గరికి వద్దాం. అమ్మానాన్నల గురించి ఆలోచించవా అంటాడు లెంగెల్, దీన్ని జీవితాంతం అనుభవిస్తావు అంటాడు. అది నిజమేనని సామీకి తెలుసు. కానీ ఒకసారి మొదలెట్టిన చేష్టని నడిమధ్యలో వదిలేస్తే తనకి చేటు అనిపిస్తుంది. జేబు మీద ఎర్రదారంతో పేరు కుట్టిన ఏప్రాన్ విప్పి మడతపెడతాడు. మెడకున్న బో టై తీసి దాని మీద పెడతాడు. క్యాష్ మెషీన్ మీద 'నో సేల్' మీట నొక్కితే సొరుగు తెరుచుకుంటుంది. ఎండాకాలం కావడం మంచిదైంది అనుకుంటాడు, కోటూ బూట్లూ వెతుక్కోకుండా హుందాగా వెళ్లిపోవచ్చు! ఒంటి మీద తెల్లచొక్కా, రాత్రి అమ్మ ఇస్త్రీ చేసిపెట్టింది. అమ్మ మాట లెంగెల్ నోట వచ్చినప్పుడు వాదన, చొక్కా దగ్గర వచ్చేసరికి బరువు. ఆ ఇస్త్రీ చొక్కాతోనే వాడు బయటికి నడిచాడు.

బయట అమ్మాయిలు లేరు. కారు పక్కన ఒక చిన్నవయసు తల్లి పిల్లల మీద అరుస్తోంది. వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తే తన చోట లెంగెల్ నిలబడి బిల్లులు కొడుతున్నాడు, వీపు కొయ్యబారిపోయి ఉంది. ఇకమీదట లోకం తన మీద ఎంత కటువుగా ఉండబోతోందో అని వాడి కడుపులో ఏదో పడిపోతుంది. కథ అంతే. అప్‌డైక్ మొదట ఇంకా కొంత రాశాడట, సామీ సముద్రపు ఒడ్డుకు వెళ్లి అమ్మాయిల కోసం వెతుకుతాడు, కనబడరు. పత్రిక సంపాదకుడు ఇక్కడే అయిపోయిందయ్యా అంటే తీసేశాడు. సంపాదకులకి మనం పెట్టాల్సిన దండాల్లో ఇదొకటి. అప్‌డైక్ స్వయంగా 1957లో అదే న్యూయార్కర్‌లో ఉద్యోగం వదులుకుని, భార్యాపిల్లలతో మసాచుసెట్స్‌లోని ఇప్స్‌విచ్ అనే చిన్న ఊరికి వెళ్లిపోయినవాడు. అప్పటికి పాతికేళ్లు. మానేయడం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

ఇక రెండో కథ. అదే 1961లో, రచయిత పోయాక వచ్చిన 'ఎయిట్ మెన్' అనే సంపుటిలో ఉంది. రచయిత రిచర్డ్ రైట్, కథ పేరు 'ద మ్యాన్ హూ వాజ్ ఆల్మోస్ట్ ఎ మ్యాన్'. దీని తొలిరూపం 1940లోనే ఒక పత్రికలో వచ్చింది. రైట్ మిసిసిపీలో పుట్టిన నల్లజాతివాడు. 19 ఏళ్ల వయసులో, 1927లో, ఉత్తరాదికి రైలెక్కి షికాగో చేరినవాడు. 1960 నవంబరులో పారిస్‌లో కన్నుమూశాడు.

డేవ్ శాండర్స్‌కి 17 ఏళ్లు. హాకిన్స్ అనే తెల్ల ఆసామి పొలంలో దున్నుతాడు. జీతం వాడి చేతికి రాదు, తల్లి చేతికి వెళుతుంది. తోటి కూలీలు తనని ఇంకా పిల్లాడిలా చూస్తున్నారని వాడి బాధ. చేతిలో తుపాకీ ఉంటే అలా చూడరని వాడి లెక్క. షాపు నడిపే జో రెండు డాలర్లకి పాత పిస్తోలు ఇస్తానంటాడు. తల్లిని బతిమాలితే మేజోడులో దాచుకున్న డబ్బు తీసి ఇస్తుంది. నాన్న కోసమని, తేగానే నాకివ్వాలని షరతు పెట్టి మరీ. వాడు ఇవ్వడు. తెల్లారకముందే తొడకి గుడ్డపీలికతో కట్టుకుని పొలానికి పోతాడు. జెన్నీ అనే కంచరగాడిదని నాగలికి కట్టి, అడవి అంచున ఎవరూ లేని చోట పేలుస్తాడు. కళ్లు మూసుకుని.

గుండు జెన్నీకి తగిలింది. ఆ తర్వాతి పేజీ చదవడం కష్టం. నెత్తురు కారుతున్న రంధ్రాన్ని డేవ్ తడిమట్టితో పూడ్చాలని చూస్తాడు. దోసిళ్లతో మట్టి తీసి అదుముతాడు, నెత్తురు మట్టిని తోసుకుని వస్తుంది, మళ్లీ అదుముతాడు. పెద్దవాడినవ్వాలని బయల్దేరినవాడు ఆ క్షణంలో పసివాడైపోయాడు.

సాయంత్రం జనం పోగవుతారు. నాగలి కర్రు మీద పడిందని వాడు అబద్ధమాడతాడు. తల్లే నిజం చెప్పిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. హాకిన్స్ కోపగించుకోడు, లెక్క చెబుతాడు. జెన్నీ ఖరీదు 50 డాలర్లు, నెలకి రెండు చొప్పున జీతంలో కోత. పిస్తోలు ఖరీదు రెండు డాలర్లు, నెలవాయిదా కూడా రెండు డాలర్లే. పాతిక నెలలు! ఈ అంకెలు రైట్ ఊరికే వేసినవి కావు. నవ్వే తెల్లదొరకి కొట్టే దొరకంటే ఎక్కువ పనే జరిగిపోతుంది. కుర్రాడు రెండేళ్ల పైచిలుకు ఆ దొర పొలం దాటి పోలేడు.

ఆ రాత్రి డేవ్ లేచి, దాచిన చోట పిస్తోలు తవ్వి తీస్తాడు. మళ్లీ పేలుస్తాడు. ఈసారి కళ్లు మూసుకోదలచుకోలేదు. ప్రయత్నం మీద తెరిచే ఉంచుతాడు, తెరిచి ఉంచే మీట నొక్కుతాడు. ఇదే పోలిక చూపిద్దామని మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టాను. సామీ రెండోసారి చెప్పిన మాట, డేవ్ రెండోసారి పేల్చిన గుండు. చేసిన పని మారలేదు, చేసినవాడు మారాడు. తర్వాత దూరం నుంచి హాకిన్స్ తెల్లమేడ కనబడితే, ఇంకొక్క తూటా ఉంటే బాగుండేది, చంపడానికి కాదు, కాస్త భయపెట్టడానికి అనుకుంటాడు. ఇంతలో రైలు చప్పుడు. ఖాళీ పిస్తోలు జేబులో పెట్టుకుని కదులుతున్న రైలు పట్టుకుంటాడు. ఎక్కడికో వాడికీ తెలియదు.

పోలిక ఇంతవరకే. ఆపైన తేడా ఉంది, అది చిన్నది కాదు. సామీ నడిచి బయటికి వెళ్లాడు, డేవ్ పారిపోవాల్సి వచ్చింది. సామీకి వెనక ఇల్లుంది, ఆ ఇంటికి లెంగెల్ స్నేహితుడు. వారంలో ఇంకో కౌంటర్ దొరకొచ్చు. డేవ్ వెళ్లిపోతే బాకీ వెళ్లిపోదు, ఆ పాతిక నెలలూ తల్లిదండ్రుల నెత్తిన పడొచ్చు. రైట్ ఆ మాట అనడు, మనం అనుకోవాలి. తెల్లకుర్రాడి తొందరపాటుని సమాజం యవ్వనం అంటుంది, నల్లకుర్రాడి తొందరపాటుని నేరం అంటుంది. ఎదిగిన తీరు ఒక్కటే అయినా చెల్లించే ధర ఒక్కటి కాదు. అప్‌డైక్ కథని మాత్రమే చదివి కౌమారం గురించి సిద్ధాంతాలు చేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

ఇక్కడున్న వాళ్లలో కొందరికి ఈపాటికి కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' మనసులో మెదిలే ఉంటుంది. 1966లో వచ్చింది. సుందరపాలెంలో తండ్రి అప్పల్రాముడి బాకీ తన కొడుకుదాకా పాకకూడదని సీతారాముడు కన్నబిడ్డనే చంపుతాడు. ఆ పని సబబా కాదా అని మనం కూడా ఏళ్ల తరబడి కొట్టుకున్నాం, అమెరికా వాళ్లు సామీ మీద కొట్టుకున్నట్టే. డేవ్ తప్పించుకున్న బాకీ అదే జాతిది. కాకపోతే సీతారాముడికి ఎక్కడానికి రైలు లేదు. దాన్ని ఎదిగే కుర్రాడి కథగా చదవమని నేను అనను, అది వేరే తూకం. బాకీ ఒకడి యవ్వనాన్ని ఎలా మింగుతుందో తెలియాలంటే మాత్రం రైట్ పక్కన రామారావు గారిని పెట్టి చదవాలి.

యువ కథకులకు ఒక్క మాట. పోటీలకు వచ్చే కథలు చదివే పని నా మీద పడుతూ ఉంటుంది. ఉద్యోగం వదిలేసిన కుర్రాడు వాటిలో తరచు కనబడతాడు. అయితే చివరి పేజీలో వాడికి మంచి ఉద్యోగం వస్తుంది, లేదా పాత యజమాని వచ్చి క్షమాపణ చెబుతాడు. ఆ పేజీ కొట్టేయండి. వాడు రెండోసారి ఏమన్నాడో, ఎవరూ చూడనప్పుడు ఏం చేశాడో రాయండి. వస్తువు కోసం దూరం పోనక్కరలేదు. బట్టల షోరూముల్లో పొద్దస్తమానం నిలబడే ఉద్యోగులకు కూర్చునే హక్కు కావాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. కూర్చోవడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే, మొదటిసారి కూర్చున్న అమ్మాయి ఎవరో ఉండే ఉంటుంది. లేచి నిలబడమన్నప్పుడు ఆమె ఏమందో తెలుగులో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాల్లో ఉన్న మిత్రులు ఈ సభలో కొందరు కనబడుతున్నారు. మీకు నా విన్నపం ఇది. అప్‌డైక్ కథ పాఠంగా పెడితే రైట్ కథని కూడా పెట్టండి. వేరే సెమిస్టర్లో, వేరే పేపర్లో కాదు, అదే వారంలో, ఒకదాని తర్వాత ఒకటి చెప్పండి.